క్యాన్సర్ ఫైల్ క్లోజ్... మరి గుండె సంగతి?

2012 సెప్టెంబర్ 8, శనివారం. విశాఖపట్నంలో న్యూజిలాండ్‌తో టీ20. కీమో పూర్తి చేసుకున్న యువరాజ్ సింగ్ మళ్లీ ఇండియా జెర్సీ వేసుకోవాల్సిన రోజు. నేనప్పుడు టెన్త్. వాన ఆగుతుందేమోనని టీవీకి అతుక్కుపోయి కూర్చున్నాం. ఆగలేదు. ఒక్క బంతి కూడా పడకుండానే మ్యాచ్ రద్దయింది. మూడు రోజుల తర్వాత చెన్నైలో దిగి 26 బంతుల్లో 34 కొట్టాడు. ఆ మ్యాచ్ ఒక్క పరుగు తేడాతో పోయింది. అయినా ఎవరికీ పెద్దగా బాధ లేదు. మనిషి బతికొచ్చాడు, బ్యాట్ పట్టాడు, సిక్స్ కొట్టాడు. సినిమా అయితే అక్కడ శుభం కార్డు పడాలి.

మనకు తెలిసిన క్యాన్సర్ కథలన్నీ అక్కడే ఆగిపోతాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఒంటికి ఏమవుతుందో ఎవరూ చెప్పరు. ఈ వారం నేను రాసేది ఆ ఇరవై ఏళ్ల గురించి.

యువీకి గడ్డ వచ్చింది ఛాతీలో, రెండు ఊపిరితిత్తుల మధ్య. కానీ అది ఊపిరితిత్తుల క్యాన్సర్ కాదు. దాని జాతి వేరు, డాక్టర్లు జెర్మ్ సెల్ ట్యూమర్ అంటారు. వీర్యకణాలకు మూలమైన కణాలు దారి తప్పితే పుట్టే గడ్డ ఇది. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆ కణాలు కిందికి ప్రయాణం చేస్తాయి, కొన్ని మధ్యలోనే ఉండిపోతాయి. అందుకే ఎప్పుడో ఒకరికి ఛాతీలో వస్తుంది. మామూలుగా వచ్చేది మాత్రం వృషణాల్లోనే. ఎక్కడొచ్చినా ఇచ్చే మందులు దాదాపు ఒకటే. ఇండియానాపొలిస్‌లో యువీకి వైద్యం చేసిన డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది వృషణాల క్యాన్సర్‌తోనే. యువీ గుండె ఇప్పుడెలా ఉందో నాకు తెలీదు, ఆ ఊసు నాకెందుకు కూడా. నేను ఈ సంగతి తవ్వడానికి కారణం మా ఊళ్లో ఒక అన్న.

మాది జువ్వలదిన్నె. నెల్లూరు జిల్లా, బోగోలు మండలం. మ్యాప్ తెరిస్తే కావలికి దగ్గర్లో, సముద్రం ఒడ్డున, ఇప్పుడు కొత్త ఫిషింగ్ హార్బర్ కట్టిన చోటు. అన్నది వేట. పేరు రాయొద్దన్నాడు, రాయను. ఇరవై మూడేళ్లప్పుడు ఒక వృషణం గట్టిపడింది. నొప్పి లేదు. వరిబీజం అనుకున్నాడు. ఎవరితో చెప్పుకుంటాడు? నాలుగైదు నెలలు పంచె కింద దాచుకుని తిరిగాడు. నడుము నొప్పి మొదలయ్యాక గానీ బయటపడలేదు. చెన్నై తీసుకెళ్లారు. వృషణం తీసేశారు, నాలుగు సైకిళ్లు కీమో ఇచ్చారు. గుండు, వాంతులు, అప్పులు, అన్నీ అయ్యాయి. తగ్గిపోయింది. ఐదేళ్లు చెకప్‌లకు వెళ్లాడు. "ఇంక రానక్కర్లేదు" అన్నారు. పెళ్లయింది, ఇద్దరు పిలకాయలు. ఇప్పుడు ముప్పై తొమ్మిది.

పోయిన సంక్రాంతికి నేను ఊళ్లో ఉన్నప్పుడు, వల లాగుతుంటే అన్నకు ఛాతీ పట్టేసినట్టయింది. కాసేపు కూర్చుంటే తగ్గింది. వాళ్ల మామ, నేను కలిసి కావలిలో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఈసీజీ తీశారు, బాగానే ఉంది. డాక్టర్ అడగాల్సింది అడిగారు: "పాత జబ్బులేమైనా ఉన్నాయా?"

"ఏం లేవు సార్" అన్నాడు అన్న.

బయటికొచ్చి టీ తాగుతున్నప్పుడు, మామ అటు పోయాక అడిగా, ఎందుకట్టా చెప్పావని. రెండు కారణాలు చెప్పాడు. మొదటిది, మామ పక్కనే ఉన్నాడు. అత్తగారింట్లో ఈ సంగతి తెలీదు, వదినకు మాత్రమే తెలుసు. రెండోది: "అదెప్పుడో పోయింది గదరా అబ్బయా. అది యాడ, గుండె యాడ? దానికీ దీనికీ ఏంది సంబంధం?"

మొదటి కారణానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి ఉంది. సంబంధం ఉంది, బాగానే ఉంది.

వృషణాల క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది 15 నుంచి 40 ఏళ్ల లోపు మగవాళ్లకి. అంటే ఇది చదువుతున్న మీలో సగం మంది వయసుకి. భయపడకండి, మన దేశంలో ఇది చాలా అరుదు. ఏడాదికి లక్ష మంది మగవాళ్లలో ఒకరికి కూడా రాదు. నార్వే, డెన్మార్క్ లాంటి దేశాల్లో లక్షకు సుమారు పదిమందికి వస్తుంది. ఇంకో మంచి మాట, ఇది నయమయ్యే క్యాన్సర్. అన్ని దశలూ కలిపి చూసినా నూటికి 95 మంది దాకా బతుకుతారు. కానీ అరుదు కావడంలోనే ఒక చిక్కుంది. మన ఊళ్లలో డాక్టర్‌కి తన సర్వీసు మొత్తంలో ఇలాంటి పేషెంట్ ఒకరో ఇద్దరో తగులుతారు. పదిహేనేళ్ల తర్వాత గుండె నొప్పితో వచ్చిన మనిషిని చూసి ఆయనకు ఈ జబ్బు గుర్తురావాలంటే కష్టం. పేషెంటే చెప్పాలి. పేషెంటేమో చెప్పడు.

ఈ 95 శాతం ఎలా వచ్చిందో చెప్పకుండా ముందుకెళ్తే అన్యాయం. ఇంజినీర్లకు తెగ నచ్చే కథ అది. 1970ల మొదట్లో, ఈ క్యాన్సర్ ఒళ్లంతా పాకిందంటే నూటికి పదిమంది బతకడం కూడా గగనం. 1960లో మిన్ చ్యూ లీ అనే డాక్టర్ మూడు మందులు కలిపి ఇచ్చి కొందరిలో గడ్డలు కరగడం చూపించారు. ఆ మూడింటిలో ఒకటి మెథోట్రెక్సేట్. అది లెడర్లీ ల్యాబ్‌లో పుట్టిన మందు. అక్కడ పరిశోధన నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అసలు మలుపు మాత్రం వేరే చోట వచ్చింది. 1965లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియా ఉన్న ద్రావణంలోకి కరెంటు పంపి ఏమవుతుందో చూస్తున్నారు. బ్యాక్టీరియా రెండుగా చీలడం మానేసి పొడుగ్గా సాగడం మొదలెట్టింది. కరెంటు వల్ల అనుకున్నారు. కాదు, ఎలక్ట్రోడ్లు ప్లాటినంవి. అందులోంచి కరిగిన ప్లాటినం కణ విభజనని ఆపేస్తోంది. ప్రయోగంలో బగ్ అనుకున్నదే మందైంది. దాని పేరు సిస్‌ప్లాటిన్. 1974లో ఐన్‌హార్న్ దీన్ని ఇంకో రెండు మందులతో కలిపి జాన్ క్లెలాండ్ అనే కాలేజీ కుర్రాడికి ఇచ్చారు. మిగతా మందులేవీ పనిచేయని కేసు. కొద్ది రోజుల్లోనే ఊపిరితిత్తుల్లో గడ్డలు మాయమయ్యాయి. 1978లో అమెరికా ప్రభుత్వం ఆమోదం తెలిపింది. తర్వాత విన్‌బ్లాస్టిన్ అనే మందు తీసేసి ఎటోపోసైడ్ పెట్టారు. బ్లియోమైసిన్, ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్, ఈ మూడూ కలిస్తే బీఈపీ. మా అన్న చెన్నైలో తీసుకున్నది ఇదే.

పాతికేళ్ల కుర్రాళ్లు చావకుండా బతికారు. బతికితే ఇంకో నలభై, యాభై ఏళ్లుంటారు. అప్పటిదాకా ఇంత గట్టి కీమో తీసుకుని అన్నేళ్లు బతికిన వాళ్లు పెద్దగా లేరు కాబట్టి, చాలా ఏళ్ల తర్వాత ఏమవుతుందో చూసే అవకాశమూ రాలేదు. 1970ల్లో, 80ల్లో నయమైన వాళ్లు నలభైల్లోకి వచ్చేసరికి డాక్టర్లకు ఒక విషయం కనబడింది. వీళ్లకు గుండె జబ్బులు తోటివాళ్ల కన్నా ఎక్కువ వస్తున్నాయి.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం. ఇలాంటి అంకెల్ని వాట్సాప్‌లో చదివితే గుండె జబ్బు లేనివాడికి కూడా వస్తుంది.

2003లో లండన్ రాయల్ మార్స్‌డెన్ హాస్పిటల్ డాక్టర్లు ఒక అధ్యయనం ప్రచురించారు. 1982–1992 మధ్య వైద్యం చేయించుకున్న 992 మందిని సగటున పదేళ్ల పాటు గమనించారు. ఆపరేషన్ తర్వాత కీమో, రేడియేషన్ ఏమీ లేకుండా ఊరికే చెకప్‌లతో సరిపెట్టిన 242 మందిలో గుండె సమస్యలు వచ్చింది 9 మందికి. కీమో తీసుకున్న 390 మందిలో 26 మందికి. రేడియేషన్ తీసుకున్న 230 మందిలో 22 మందికి. వయసు తేడాలు సరిచేసి లెక్కేస్తే కీమో వాళ్లకు ముప్పు 2.59 రెట్లు. "రెండున్నర రెట్లు" అంటే భయం వేస్తుంది. అదే లెక్కని ఇంకోలా చెప్తా: నూటికి నలుగురికి రావాల్సింది, నూటికి ఏడుగురికి వచ్చింది. 93 మందికి ఆ పదేళ్లలో ఏమీ కాలేదు. రెండు మాటలూ నిజమే. హెడ్‌లైన్ రాసేవాడు మొదటిది రాస్తాడు, మీరు రెండోది గుర్తుపెట్టుకోండి.

2010లో నార్వే వాళ్లు ఇంకా పొడుగు లెక్క తీశారు. 1980–1994 మధ్య చికిత్స పొందిన 990 మంది, సగటున 19 ఏళ్లు. ఆపరేషన్‌తో సరిపోయిన వాళ్లతో పోలిస్తే బీఈపీ తీసుకున్న వాళ్లకు గుండె రక్తనాళాల జబ్బు 5.7 రెట్లు. అయితే జబ్బు పడినవాళ్ల సంఖ్య చిన్నది, అందుకే అసలు విలువ 1.9 నుంచి 17 దాకా ఎక్కడైనా ఉండొచ్చని వాళ్లే రాశారు. ఆఫీసులో ఇంత వెడల్పు రేంజ్‌తో ఎస్టిమేట్ ఇస్తే నా మేనేజర్ ఒప్పుకోడు. కానీ ఆ రేంజ్‌లో అతి తక్కువ విలువ కూడా దాదాపు రెండు రెట్లు. అది మర్చిపోకూడదు.

2020లో డెన్మార్క్ నుంచి వచ్చింది నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది. ఐదు వేల పైచిలుకు పేషెంట్ల రికార్డులు, మొత్తం దేశం డేటా. అందులో ముప్పు గ్రాఫ్ రెండుసార్లు లేస్తుంది. కీమో మొదలైన మొదటి ఏడాది గుండెపోటు, పక్షవాతం ఆరు రెట్లు, సిరల్లో రక్తం గడ్డకట్టడం 24 రెట్లకు పైగా. ఏడాది దాటాక మామూలు స్థాయికి దిగిపోతుంది. మళ్లీ పదేళ్లు దాటాక గుండెపోటు ముప్పు మెల్లగా లేస్తుంది, 1.4 రెట్లు. పాత అధ్యయనాలతో పోలిస్తే ఇది తక్కువే. కానీ టైమింగ్ చూడండి. ఐదేళ్లకు చెకప్‌లు ఆపేస్తారు, రెండో అల పదేళ్లకు వస్తుంది. మా భాషలో చెప్పాలంటే టికెట్ క్లోజ్ చేశారు, మానిటరింగ్ కూడా ఆపేశారు.

ఎందుకు ఇలా? రక్తనాళాల లోపల పల్చటి పొర ఒకటుంటుంది. సిస్‌ప్లాటిన్ క్యాన్సర్ కణాల్నే కాదు, దీన్ని కూడా గీరుతుంది. గీరిన చోట కొవ్వు పట్టుకుంటుంది, గోడ గట్టిపడుతుంది. పైగా ఈ మందు ఒంట్లోంచి తొందరగా పోదు. 2000లో నెదర్లాండ్స్ డాక్టర్లు, కీమో అయిపోయి ఇరవై ఏళ్ల దాకా అయినవాళ్ల రక్తంలో కూడా ప్లాటినం ఆనవాళ్లు కనిపెట్టారు. అది చదివి నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. మా అన్న ఒంట్లో ఇప్పటికీ ఆ చెన్నై సీసాల్లో మందు రవ్వంత తిరుగుతూ ఉండొచ్చు.

రెండో దారి హార్మోన్ది. ఒక వృషణం ఉన్నా మామూలుగా సరిపోతుంది, పిల్లలు కూడా పుడతారు. కానీ కీమో తర్వాత కొందరిలో మిగిలిన వృషణం మందగిస్తుంది, టెస్టోస్టెరాన్ తగ్గుతుంది. దాంతో పొట్ట పెరుగుతుంది, చెడు కొవ్వు, షుగర్, బీపీ వరసగా వస్తాయి. ఈ గుంపుని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. మూడోది కిడ్నీ. సిస్‌ప్లాటిన్ కిడ్నీల్ని దెబ్బతీయగలదు, కిడ్నీ మందగిస్తే బీపీ పెరుగుతుంది. కాబట్టి చాలామందిలో మందు నేరుగా గుండె మీద పడటం కన్నా, బీపీ, కొవ్వు, షుగర్ అనే పాత దారుల్లోనే వస్తుంది. నాకు ఇందులో ఊరట కనిపించింది. ఆ మూడింటినీ కొలవొచ్చు, మందులూ ఉన్నాయి.

ఇవన్నీ అన్నకు ఫోన్లో చెప్తుంటే మధ్యలో ఆపాడు. "అయితే ఐసులో చెయ్యి పెడితే ఏళ్లు తెల్లబడేది గూడా దాని వల్లేనా?" అన్నాడు. చేపల్ని ఐస్ పెట్టెల్లో సర్దేటప్పుడు అన్న వేళ్లు సున్నం రాసినట్టు తెల్లగా అయిపోతాయి, తిమ్మిరెక్కుతాయి. పదిహేనేళ్లుగా ఉంది. ఐసులో పనిచేసేవాడికి అది మామూలే అనుకున్నాడు. బీఈపీ తీసుకున్న చాలామందిలో ఇది కనిపిస్తుంది, రేనాడ్స్ అంటారు. చలికి వేలి చివర రక్తనాళాలు బిగుసుకుపోతాయి. చెవిలో హోరు కూడా ఉందట. సిస్‌ప్లాటిన్ చెవి నరాల్ని దెబ్బతీస్తుంది. సముద్రం పక్కన ఉండేవాడు కదా, సముద్రం హోరే అనుకున్నాడు. అంటే ఒళ్లు ఇన్నేళ్లుగా చెప్తూనే ఉంది. అడిగినవాళ్లు లేరు.

ఇంకో సంగతి, దీన్ని డాక్టర్లు తప్ప మిగతావాళ్లు పట్టించుకోరు. బ్లియోమైసిన్ తీసుకున్నవాళ్లకు ఎప్పుడైనా ఏ ఆపరేషన్ జరిగినా, మత్తు ఇచ్చే డాక్టర్‌కి ముందే ఆ పేరు చెప్పాలి. ఎక్కువ మోతాదులో ఆక్సిజన్ ఇస్తే వీళ్ల ఊపిరితిత్తులకు ప్రమాదం కావొచ్చు. కాలు విరిగి వెళ్లినా సరే చెప్పాలి. స్కూబా డైవింగ్‌కి ముందు కూడా డాక్టర్‌ని అడగాలి.

నార్వే, డెన్మార్క్, లండన్ అంకెలు చెప్పా. మనకేంటి అంటారా? మన అధ్యయనాలు మామూలు జనం మీద ఉన్నాయి, అవే చాలు ఆలోచించడానికి. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనంలో, దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది. మిగతా దేశాల్లో దాదాపు 59. అదేదో సిటీల గోల అనుకోవడానికి లేదు. 2003–04లో గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఒక ఏడాది పాటు జరిగిన ప్రతి చావుకీ కారణం రాసుకుంటూ పోయారు. 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అన్నిటికన్నా పెద్ద కారణం అదే. ఇరవై ఏళ్ల కిందటి, పొలాలకు పోయే పల్లెల లెక్క అది. మన జిల్లా మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరిలో 50 ఏళ్లకే గుండె ఆగి పోయినప్పుడు నెల్లూరంతా ఎట్లా నిశ్శబ్దమైపోయిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంటే మన దగ్గర బేస్‌లైనే ఎక్కువ. దానిమీద కీమో 1.4 రెట్లో, రెండు రెట్లో పెంచితే, డెన్మార్క్ వాడికీ మనకీ ఒకటే ఎందుకవుతుంది?

"నేను రోజంతా వల లాగేవాణ్ణి, నీ మాదిరి కుర్చీలో కూర్చునేవాణ్ణి కాదు" అని అన్న వాదన. కొంత నిజం. కష్టం చేసే ఒళ్లు మంచిదే. కానీ రాత్రి వేట, తెల్లారి నిద్ర, మధ్యలో బీడీలు, ఎండుచేపల పులుసు, మాగాయ ముక్క. చేప మంచిదే, గొడవ చేపతో కాదు, దాన్ని ఎండబెట్టేటప్పుడు పట్టించే ఉప్పుతో. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక టీస్పూన్. మా ఇళ్లలో ఒక్క పూటకే అది దాటిపోతుంది. ఇక బీడీ, సిగరెట్ సంగతి. నెదర్లాండ్స్‌లో 2,512 మంది సర్వైవర్ల మీద 2006లో వచ్చిన అధ్యయనంలో, పొగతాగేవాళ్లకు గుండెపోటు ముప్పు 2.6 రెట్లు. అదే అధ్యయనంలో బీఈపీ వల్ల గుండె జబ్బుల ముప్పు 1.5 రెట్లు. కీమో ఎప్పుడో అయిపోయింది, దాన్ని వెనక్కి తీయలేం. బీడీ ఇవాళ ఆపొచ్చు. అన్నతో వాదించి నేను గెలిచింది ఈ ఒక్క పాయింట్ మీదే. అదీ సగం.

ఇదంతా చదివి ఎవరైనా "అయితే కీమో వద్దులే" అనుకుంటే కొంప మునుగుతుంది. పాకిన క్యాన్సర్‌ని వదిలేస్తే పదేళ్ల తర్వాత గుండెపోటు గురించి ఆలోచించడానికి మనిషే ఉండడు. డాక్టర్లు కూడా ఈ అంకెలు చూసి మారారు. గడ్డ వృషణం దాటకపోతే, తీసేసి ఊరికే గమనిస్తూ ఉంటారు. పాకినా ముప్పు తక్కువ రకమైతే నాలుగు సైకిళ్ల బదులు మూడు ఇస్తారు. ఛాతీకి రేడియేషన్ దాదాపు మానేశారు. అందుకే గడ్డని తొందరగా చూపించుకోవడం గుండెకి కూడా మంచిది. స్నానం చేసేటప్పుడు నెలకోసారి చేత్తో చూసుకోండి. నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి. వరిబీజమో కాదో ఆయన చెప్తాడు.

ఇప్పటికే నయమైన వాళ్లకు కావాల్సింది ముందు ఒక కాగితం. ఏ మందులు, ఎన్ని సైకిళ్లు, సిస్‌ప్లాటిన్ మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు, రేడియేషన్ ఇచ్చారా, ఇస్తే ఎక్కడ. డిశ్చార్జ్ సమ్మరీలో ఇవి ఉంటాయి. లేకపోతే వైద్యం చేసిన చోటికి వెళ్లి అడగండి. పాత ఫైళ్లు ఎప్పటికీ ఉంచరు, కాబట్టి ఈ ఏడాదే అడగండి. ఫోటో తీసి ఫోన్లో, డ్రైవ్‌లో పెట్టుకోండి. తర్వాత ఏడాదికోసారి బీపీ, బరువు, నడుము చుట్టుకొలత, షుగర్, కొవ్వు పరీక్ష, కిడ్నీ కోసం క్రియాటినిన్. నీరసం, కోరిక తగ్గడం ఉంటే పొద్దున్నే టెస్టోస్టెరాన్. పల్లెల్లో ప్రభుత్వం బీపీ, షుగర్ ఉచితంగా చూస్తుంది గానీ ఆ స్క్రీనింగ్ 30 దాటిన వాళ్లకి. పాతికేళ్లకే కీమో అయినవాడు ఆ లిస్టులో ఉండడు, వాడే వెళ్లి అడగాలి. కీమో నడుస్తున్న, లేదా ఇప్పుడే అయిపోయిన వాళ్లకైతే వేరే జాగ్రత్త: ఒక కాలు వాచినా, ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా రేపటిదాకా ఆగొద్దు. ఛాతీ నొక్కేసినట్టుండి చెమటలు పడితే ఎవరైనా సరే, గ్యాస్ అని సోడా తాగకుండా 108కి ఫోన్ చేయాలి.

కాగితం దొరకడం తేలిక. దాన్ని డాక్టర్ ముందు పెట్టడమే కష్టం. చెయ్యి విరిగిందని చెప్తాం, కిడ్నీలో రాళ్లని చెప్తాం, ఒకటి తీసేశారని చెప్పం. చెప్తే మగతనం మీద మాటొస్తుందని భయం. అన్నకు ఇద్దరు పిల్లలు, అయినా ఆ భయం పోలేదు. మా ఆఫీసులో మగవాళ్లం జిమ్ ప్రొటీన్ గురించి గంటలు మాట్లాడుకుంటాం, దీని గురించి ఒక్క నిమిషం కూడా కాదు. నాకనిపించేదేంటంటే, ఊరంతా చెప్పక్కర్లేదు, మామకి కూడా చెప్పక్కర్లేదు. అది అన్న ఇష్టం. డాక్టర్‌కి చెప్తే చాలు. "ఒక్క నిమిషం మీతో విడిగా మాట్లాడాలి సార్" అని అడిగే హక్కు ప్రతి పేషెంట్‌కీ ఉంది. అది కూడా నోరు రాకపోతే కాగితం చేతికివ్వండి, చదువుకుంటారు.

మేం చేసింది అదే. వదిన ఇనప్పెట్టెలో బోటు కాగితాల కింద వెతికి ఆ ఫైలు తీసింది. మార్చిలో నెల్లూరులో గుండె డాక్టర్ దగ్గరికి ముగ్గురం వెళ్లాం, మామని పిలవలేదు. సిస్‌ప్లాటిన్ అన్న మాట చూడగానే ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. బీపీ 152/96. చెడు కొవ్వు ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ. ట్రెడ్‌మిల్ పరీక్షలో పెద్ద తేడా ఏమీ రాలేదు. బీపీ మాత్ర ఒకటి, కొవ్వు మాత్ర ఒకటి రాశారు. ఏడాదికోసారి తప్పకుండా రావాలన్నారు.

ఏడాదికోసారి అంటే ఎప్పుడు? వేట ఉన్న రోజుల్లో అన్న రాడు, ఎవరు చెప్పినా రాడు. ఆలోచించి తనే చెప్పాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం, 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లో ఇంజిన్ విప్పి చూసుకుంటారు, వలలు బాగుచేసుకుంటారు. నా ఫోన్ క్యాలెండర్లో ఏప్రిల్ 16న "అన్న, నెల్లూరు" అని పెట్టి, ప్రతి ఏడాదీ రిపీట్ ఆన్ చేశా. వదిన ఫోన్లో కూడా.